ఏడు జాతులు ఎక్కువ, మూడు చాలు

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు రాస్తున్న ఫాంటసీ నవలలో ఏడు జాతులున్నాయి: ఆరు వందల ఏళ్లు బతికే అడవి జనం, గనులు తవ్వే చీకటి జనం, మనిషికి రెట్టింపు ఎత్తుండే భారీకాయులు, మనిషి నడుము దాకా వచ్చే చిన్న జనం, రెక్కల జనం, నీటి జనం, వీళ్లందరి మధ్య మామూలు మనుషులు. రాతప్రతి చదివిన మిత్రులు "అందరూ వేషాలు కట్టిన మనుషుల్లాగే ఉన్నారు" అన్నారు. ఇంకా ఏ విశేషాలు చేర్చాలి, వేర్వేరు జాతుల మధ్య పిల్లలు పుట్టవచ్చా, మొదటి అధ్యాయంలోని జాతుల పరిచయం సరిపోతుందా అని అడిగారు.

చేర్చడం తరవాతి సంగతి, ముందు తీసేయండి. ఇలాంటి రాతప్రతులు చాలా ఏళ్లుగా చదువుతున్నాను, సరిదిద్దుతున్నాను. వాటిలో చాలావరకు జాతులు ఎక్కువై దెబ్బతిన్నవే. ఒక జాతి కథలో నిలబడాలంటే ఆ జాతిలో కనీసం ముగ్గురు కావాలి, ఆ ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పూర్తిగా పడకూడదు. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరి గుణమే జాతి గుణమని పాఠకుడు అనుకుంటాడు, ఆయన తప్పేమీ లేదు. ఏడు జాతులకు ముగ్గురేసి లెక్కన ఇరవై ఒక్క ముఖ్య పాత్రలు. అంతమందిని మోయగల నవల మీ చేతిలో ఉంటే సరే. లేకపోతే మూడు జాతులను ముందుకు తెచ్చి, మిగిలినవాళ్లను సముద్రానికి అవతల ఉంచండి. రెక్కల జనం ఉన్నారని నావికులు చెప్పుకుంటారు, ఎవరూ చూడలేదు. అంతే చాలు, లోకం విశాలంగానే కనిపిస్తుంది.

ఇప్పుడు వేషాల సంగతి. మీ పట్టికలో ప్రతి జాతికీ రెండు గడులున్నాయి: శరీరంలో ఒక తేడా, మనసుకు ఒక ముద్ర. అడవి జనం జ్ఞానులు, గని జనం పిసినారులు, భారీకాయులు మందబుద్ధులు. శరీరపు తేడాను రాసిపెట్టి అక్కడే వదిలేశారు, మనసు ముద్రను మాత్రం ప్రతి సన్నివేశంలోనూ వాడుకున్నారు. చేయవలసింది దీనికి సరిగ్గా తిరగేసి. మనసు గడి కొట్టేయండి. శరీరపు తేడాను పట్టుకుని అది వంటింటి దాకా, అంగడి దాకా, న్యాయస్థానం దాకా ఎంత దూరం వెళ్తుందో అంత దూరమూ వెంట నడవండి.

మీ చీకటి జనాన్నే తీసుకుందాం. "చీకట్లో చూడగలరు" అని ఒక్క వాక్యం రాశారు. ఎలా చూస్తారు? గని అడుగున వెలుతురు బొత్తిగా ఉండదు, అక్కడ ఎంత గొప్ప కన్నైనా గుడ్డిదే. కాబట్టి వాళ్ల కళ్లు మసక వెలుతురుకు తయారైనవి కావాలి: నక్షత్రాల వెలుగు, గుహ ముఖద్వారం నుంచి జారే కాంతి, మెరిసే శిలీంధ్రాలు. లోతుకు దిగితే వాళ్లూ చెవి మీద, చేతి స్పర్శ మీద ఆధారపడాల్సిందే. కంటి తెరలో మసక వెలుతురుకు స్పందించే కణాలు వేరు, రంగులు పట్టే కణాలు వేరు. వెన్నెల్లో మనకే ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. పిల్లి కళ్లు మెరవడానికి కారణం తెర వెనుక అద్దంలాంటి పొర. అది వచ్చిన కాంతిని మళ్లీ కణాల మీదికి తిప్పికొడుతుంది, దానికి మూల్యంగా దృశ్యపు స్పష్టత కొంత తగ్గుతుంది. ఇక టార్సియర్ అనే చిన్న ప్రాణి ఉంది. దాని ఒక్కో కన్ను దాని మెదడంత ఉంటుంది. అంత పెద్ద గుడ్లు గూటిలో తిరగవు గనుక అది పక్కకు చూడాలంటే తలంతా తిప్పాలి.

ఈ మూడు సంగతుల్లోంచి మీకు ఒక సంస్కృతి దొరుకుతుంది. ఈ జనం ఓరచూపు చూడలేరు. ఎవరినైనా చూడాలంటే ముఖం అటు తిప్పాల్సిందే, కాబట్టి వాళ్ల మధ్య దొంగచూపు అనేది ఉండదు. మనుషులు కళ్లు మాత్రమే పక్కకు తిప్పి మాట్లాడుకోవడం వాళ్లకు అసహ్యంగా తోస్తుంది. రంగులు వాళ్లకు పెద్దగా లెక్కలోకి రావు. ఒక మానవ వర్తకుడు వాళ్ల దగ్గరికి బట్ట కొనడానికి వెళ్లాడనుకోండి. అంగడి అర్ధరాత్రి తెరుస్తారు, దీపం ఉండదు. అమ్మే ఆమె బట్టను చూపించదు, అతని చేతికిచ్చి వేళ్ల మధ్య నలపమంటుంది. నేతలోనే పువ్వులు, తీగలు ఉబ్బెత్తుగా ఉన్నాయి, వేలితో చదువుకోవచ్చు. అతను "ఎర్రది కావాలి" అంటాడు. ఆమె లోపలికి కేక వేస్తుంది. రంగు వేసిన సరుకు విడిగా పెట్టడానికి, పగటిపూట దానికి ముడులతో గుర్తులు వేయడానికి జీతమిచ్చి పెట్టుకున్న మనిషి ఒకడున్నాడు. ఎరుపుకు రెండు ముడులు, నీలానికి మూడు. ఆ జీతగాడికి ఆమె మీద కోపం ఉంటే ఏమవుతుందో మీరే ఆలోచించుకోండి. కథ అక్కడ మొదలవుతుంది. చెవులు ఎంత పొడవో, గడ్డం ఎన్ని జడలో చెబితే మొదలు కాదు.

ఆ ఇంట్లోనే మరికొన్ని చూడండి. అతిథి మనిషి అయితే దీపం వెలిగించడం మర్యాద, కానీ ఇంటివాళ్లకు ఆ వెలుగు బాధ. కాబట్టి దీపం ఎంతసేపు ఉంచారన్నది అతిథి మీద ఎంత ప్రేమ ఉందో చెబుతుంది. చెప్పకుండా కాగడా పట్టుకుని వీధిలోకి రావడం వాళ్ల ఊళ్లో దాడి కింద లెక్క, మానవుల ఊళ్లో అది నేరమే కాదు. ఈ ఒక్క భేదం మీద రెండు ఊళ్ల మధ్య ఒక తగవు నడిపించవచ్చు, ఇద్దరిలో ఎవరూ దుర్మార్గులు కానక్కర్లేదు.

అడవి జనం విషయంలో కళ్లు వదిలేయండి, లెక్కలు తీయండి. ఆరు వందల ఏళ్లు బతుకుతారన్నారు. స్త్రీకి మూడు వందల ఏళ్ల పాటు పిల్లలు పుట్టగలిగి, పదేళ్లకొక బిడ్డ చొప్పున కన్నా ముప్ఫై మంది. కొద్ది శతాబ్దాల్లో అడవే మిగలదు. కాబట్టి వాళ్లకు పిల్లలు అరుదుగా పుట్టాలి. ప్రకృతిలోనూ ఇదే తీరు కనిపిస్తుంది. రెండు వందల ఏళ్లకు పైగా బతకగల బోహెడ్ తిమింగలం మూడు నాలుగేళ్లకొక పిల్లను మాత్రమే కంటుంది. మూడు వందల మంది ఉన్న అడవి ఊరు పెరగకుండా తరగకుండా ఉండాలంటే రెండేళ్లకొక జననం చాలు. అంటే ఇరవై ఏళ్లలోపు వాళ్లు ఊరు మొత్తం మీద పది మంది. ఈడు పిల్లలు అన్నమాటే ఉండదు, ప్రతి బిడ్డా ముసలివాళ్ల మధ్య ఒంటరిగా పెరుగుతుంది. ఒక యుద్ధంలో నలభై మంది పోతే, జననాలు రెట్టింపైనా ఆ లోటు పూడటానికి ఎనభై ఏళ్లు.

ఇంకో లెక్క మరీ బాగుంటుంది. ఏడాదికి వెయ్యిమందిలో ఒకరు మాత్రమే ప్రమాదంలో పోతారనుకోండి. అది చాలా సురక్షితమైన లోకం. అయినా ఆరు వందల ఏళ్లు గడిచేసరికి నూటికి నలభై అయిదు మంది చెట్టు మీద నుంచి పడో, ఏట్లో కొట్టుకుపోయో, పాము కరిచో పోయి ఉంటారు. మీ అడవి జనం చెట్ల మీద గెంతుతూ ఉంటారని రాశారు. గెంతరు. అడుగు తీసి అడుగు వేసే ముందు కొమ్మను పరీక్షిస్తారు, వంతెన మీద ఇద్దరు కలిసి నడవరు, గుర్రం ఎక్కే పనిని మనుషులకు వదిలేస్తారు. మనుషులు వాళ్లను పిరికివాళ్లంటారు, లేదా మహాజ్ఞానులంటారు. నిజానికి అది రెండూ కాదు, పోగొట్టుకోవడానికి ఎక్కువ ఉన్నవాళ్ల జాగ్రత్త. చూశారా, స్వభావంలా కనిపించేది పుట్టింది, కానీ దానికి కారణం ఉంది. కారణం ఉన్నప్పుడు దాన్ని ధిక్కరించే పాత్ర కూడా వస్తుంది: గుర్రమంటే పిచ్చి ఉన్న నూట పదేళ్ల కుర్రాడు, వాడిని చూసి గుండెలు బాదుకునే తల్లి.

భాషను కూడా వాడుకోండి. మనుషుల భాషను మూడు వందల ఏళ్ల కిందట నేర్చుకున్న ఒక అడవి మనిషి ఇప్పటికీ అదే మాట్లాడతాడు. వింటున్న మానవులకు అది శాసనాల భాషలా ఉంటుంది. గంభీరంగా పలికాడనుకుని భయపడతారు, ఆయన అడిగింది ఉప్పు ఎక్కడ దొరుకుతుందని. ఆస్తి సంగతి మరీ చిక్కు. తండ్రి ఆరు వందల ఏళ్లు బతికితే వారసుడు నాలుగు వందల ఏళ్లు ఎదురుచూడాలి. మానవ రాజు ముత్తాత చేసిన సంధి పత్రం మీద అవతలి సంతకం పెట్టినవాడు ఇంకా బతికే ఉన్నాడు, ఆ రోజు మాట ఏమన్నారో అతనికి గుర్తుంది. లేదా గుర్తుందని అతను అంటాడు. కాదనగలవాడు ఒక్కడూ బతికి లేడు.

భారీకాయుల దగ్గర గెలీలియో అడ్డొస్తాడు. 1638లో ఆయన చెప్పిన లెక్క ప్రకారం ఎత్తు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది, ఎముక అడ్డకోత మాత్రం నాలుగు రెట్లే. అంటే ఎముకలోని ప్రతి అంగుళం రెట్టింపు భారం మోయాలి. నమోదైన మనుషుల్లో అందరికంటే పొడవైన రాబర్ట్ వాడ్లో 272 సెంటీమీటర్లు ఉండేవాడు. నడవడానికి కాళ్లకు లోహపు పట్టీలు కావాల్సివచ్చేది. పాదాల్లో స్పర్శ సరిగా తెలియక, పట్టీ ఒరిసి పుండు పడి, అది ముదిరి 1940లో 22 ఏళ్లకే పోయాడు. మీ భారీకాయులు అతని కంటే పొడవు. కాబట్టి వాళ్లను పెద్ద మనిషిలా గీయకండి. పొట్టి మందపు కాళ్లు, వెడల్పు పాదాలు, నిదానమైన నడక ఉండాలి, దూకడం అసలే వద్దు. కింద పడితే ప్రాణం మీదికి వస్తుంది గనుక వాళ్ల ఊళ్లలో మెట్లకు బదులు వాలుదారులుంటాయి. తిండి మాత్రం మీరు భయపడ్డంత అక్కర్లేదు. జంతువుల శక్తి వినియోగం బరువుతో సమానంగా పెరగదు, శాస్త్రవేత్త మాక్స్ క్లైబర్ 1932లో చూపిన సూత్రం ప్రకారం దాదాపు ముప్పావు ఘాతంలో పెరుగుతుంది, అంటే బరువు రెట్టింపైతే శక్తి అవసరం 1.7 రెట్లే. ఎనిమిది మంది బరువున్న భారీకాయుడు అయిదుగురి తిండి కంటే కాస్త తక్కువే తింటాడు. ఒక రాజు వాళ్లను కూలికి పెట్టుకుంటే లాభమా నష్టమా అన్న బేరానికి ఈ లెక్క పనికొస్తుంది.

చిన్న జనానికి నిజమైన తోడు ఉన్నారు. ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో, లియాంగ్ బువా గుహలో 2003లో మీటరు ఎత్తు మానవుల అస్థికలు దొరికాయి. మెదడు మన మెదడులో మూడో వంతు, అయినా అదే గుహలో రాతి పనిముట్లున్నాయి. అదే దీవిలో పొట్టి ఏనుగు జాతి బంధువులూ ఉండేవి. తిండి పరిమితమైన దీవుల్లో పెద్ద జంతువులు తరాల మీద చిన్నవవడం తెలిసిన విషయమే. మీ చిన్న జనాన్ని ఒక దీవిలో పెట్టండి, ఎందుకు చిన్నవాళ్లో విడిగా చెప్పే పని తప్పుతుంది.

రెక్కల జనం గురించి రెండు మాటలు. ఇప్పుడు ఎగిరే పక్షుల్లో బాగా బరువైనవి కూడా ఇరవై కిలోల చుట్టుపక్కలే ఉంటాయి. మంత్రబలంతో ఎగురుతారంటే నాకేం అభ్యంతరం లేదు, ఆ మంత్రానికి ఏం ఖర్చవుతుందో చెప్పగలిగితే. లేకపోతే కొండ మీద నుంచి గాలిలో జారేవాళ్లుగా చేయండి, తిరిగి పైకి నడిచి ఎక్కాల్సినవాళ్లుగా. నీటి జనాన్ని మాత్రం తీసేయండి. వాళ్లకు మీ కథలో పని లేదు.

ఇంతవరకు శరీరం. ఇక్కడే ఆగితే వేషాలు పోయి వాటి స్థానంలో పాఠ్యపుస్తకం వస్తుంది. ఒకే శరీరం ఉన్నవాళ్లంతా ఒకే ప్రజ కాదు. మీ చీకటి జనాన్ని మూడు చోట్ల ఉంచండి. ఒక గుంపు గుహల్లో ఉంది. ఇంకో గుంపు నది ఒడ్డున రాత్రివేట చేస్తుంది, వాళ్లకు రాయి అంటే ఏమీ పట్టదు, నక్షత్రాలే దేవతలు. మూడో గుంపు నాలుగు తరాల కిందట మానవుల నగరానికి వచ్చి రాత్రి కాపలా పని చేస్తోంది. వాళ్ల పిల్లలు గుహను చూడలేదు, మానవుల భాషలోనే కలలు కంటారు, పండుగ రోజున మాత్రం తాతల పాట అర్థం తెలియకుండా పాడతారు. గుహవాళ్లు వీళ్లను చెడిపోయినవాళ్లంటారు. నదివాళ్లు గుహవాళ్లను మొద్దులంటారు. మానవులకు ముగ్గురూ ఒకటే. ఈ చివరి వాక్యం మీ నవలకు చాలా పని చేసి పెడుతుంది.

జీవన విధానం శరీరాన్ని కూడా మారుస్తుంది. ఆగ్నేయాసియాలో తరతరాలుగా సముద్రంలో మునిగి వేటాడే బజావు ప్రజల ప్లీహం (రక్తాన్ని నిల్వ చేసే అవయవం), పక్కనే నేల మీద బతికే సలువాన్ ప్రజల కంటే దాదాపు సగం పెద్దదని 2018లో ఒక పరిశోధన తేల్చింది. కాబట్టి నదివాళ్లకూ గుహవాళ్లకూ మధ్య వెయ్యేళ్లలో చిన్న తేడాలు రావచ్చు, అవి కథలో ఒకరినొకరు దెప్పుకోవడానికి పనికొస్తాయి.

ఒక జాతి మొత్తం దుష్టం అన్న ఆలోచన మీ రాతప్రతిలో భారీకాయుల సైన్యం విషయంలో కనిపించింది. మన పురాణ కథలే దీన్ని అంత తేలిగ్గా ఒప్పుకోవు. లంకలో అందరూ రాక్షసులే. విభీషణుడు అన్నను విడిచి వచ్చాడు. కుంభకర్ణుడు అన్న చేసింది తప్పని ముఖం మీదే చెప్పి, అయినా అతని కోసం యుద్ధానికి వెళ్లి చచ్చాడు. త్రిజట కాపలా కాయవలసిన సీతకు ధైర్యం చెప్పింది. ఒకే కోటలో ఒకే తప్పుకు మూడు రకాల మనసులు. మీ సైన్యంలో ఒక కుంభకర్ణుడు ఉంటే చాలు, వాళ్లను నరికే సన్నివేశం పాఠకుడికి సులువుగా మింగుడుపడదు. పడకూడదు కూడా.

దీని పక్కనే ఒక హెచ్చరిక. నిజ లోకంలో బతికి ఉన్న ఏ ప్రజల వేషం, యాస, ఆచారం తీసి మీ "అనాగరిక" జాతికి తొడగకండి. భారీకాయుల జడలు, వాద్యాలు, ప్రమాణాలు ఎక్కడివో నాకు తెలిసిపోయింది, ఆ ప్రజల్లోంచి వచ్చిన పాఠకుడికి ఇంకా ముందే తెలుస్తుంది. శరీరం నుంచి, చోటు నుంచి, గతం నుంచి ఆచారం పుట్టిస్తే అరువు తెచ్చుకునే అవసరమే రాదు.

జాతుల మధ్య పిల్లలు పుట్టవచ్చా అని అడిగారు. మీ ఇష్టం, కానీ ఏ జవాబుకైనా ఫలితాలుంటాయి. మన పూర్వీకుల్లో ఇది జరిగింది. సైబీరియాలోని డెనిసోవా గుహలో దొరికిన ఒక ఎముక ముక్కను పరీక్షించి, అది సుమారు తొంభై వేల ఏళ్ల కిందటి ఒక అమ్మాయిదని, తల్లి నియాండర్తాల్, తండ్రి డెనిసోవన్ అని 2018లో ప్రకటించారు. ఆ రెండూ మనకు దగ్గరి బంధువులైన, అంతరించిపోయిన మానవ జాతులు. ఆఫ్రికా వెలుపలి మూలాలున్న నేటి మనుషుల జన్యువుల్లో రెండు శాతం దాకా నియాండర్తాల్ వాటా ఉంది. పిల్లలు పుట్టి, వాళ్లకూ పిల్లలు పుడుతూ పోతే రెండు జాతులు పక్కపక్కనే వేల ఏళ్లు విడివిడిగా మిగలవు. మిగిలాయంటే కొండో, చట్టమో, కంచర గాడిదకు ఉన్నటువంటి వంధ్యత్వమో అడ్డుపడి ఉండాలి. మీ నవలలో అడ్డు ఏదో తేల్చుకోండి. చట్టమైతే దాన్ని ఎవరు రాశారో, ఎవరి కోసం రాశారో కూడా తేల్చుకోండి.

మిశ్రమ సంతానాన్ని రెండు లోకాల మధ్య నలిగే విషాద నాయకుడిగా రాయడం అరిగిపోయిన దారి. ఘటోత్కచుణ్ని గుర్తు చేసుకోండి. హిడింబి కొడుకుగా తల్లి దగ్గర హాయిగా పెరిగాడు. తానెవరో అన్న బెంగ అతనికి లేదు. తండ్రి తరఫు వాళ్లకే అవసరం పడ్డప్పుడల్లా అతను గుర్తొచ్చాడు, చివరికి కర్ణుడి శక్తి ఆయుధానికి అతన్ని ఎదురుపెట్టడం వాళ్లకు కలిసొచ్చింది. మీ సగం అడవి అమ్మాయికి కూడా లోపలి బాధ తగ్గించి, ఆమెతో ఎవరికి ఏం పనుందో చూడండి. ఉదాహరణకు ఆమె మూడు వందల ఏళ్లు బతుకుతుంది. మానవ తండ్రి భూమి ఆమె పేరున ఉంది. ఆమె పోయేదాకా అది ఎవరికీ రాదు. దాయాదులు పదితరాలుగా ఆ పొలం గట్టు మీద కూర్చుని ఉన్నారు.

ఇక మొదటి అధ్యాయంలోని నాలుగు పేజీల పరిచయం. తీసి మీ సొంత నోటుపుస్తకంలో పెట్టుకోండి, అది మీకు అవసరం, పాఠకుడికి కాదు. దాని బదులు అన్ని జాతులూ వాడే ఒక చోటుతో మొదలుపెట్టండి. రేవులో ఒక సత్రం అనుకుందాం. మెట్ల దారిలో ఎడమవైపు ప్రతి మెట్టుకూ మధ్య చిన్న జనం కోసం అరమెట్టు ఒకటి, కుడివైపు భారీకాయుల కోసం వాలుబల్ల. రాత్రి గదులకు ఒక అద్దె, పగటి గదులకు ఇంకో అద్దె, చీకటి జనం పగలు పడుకుంటారు కనుక. యజమానురాలు పగటి అద్దె పెంచింది. కాపలాకు వెళ్లి తెల్లవారుజామున తిరిగొచ్చిన ముగ్గురు చీకటి మనుషులు గుమ్మంలో తలలు పూర్తిగా ఆమె వైపు తిప్పి నిలబడ్డారు, వాళ్లలో నదివాడు ఒక్కడే మాట్లాడుతున్నాడు. అక్కడి నుంచి రాయండి. పూర్తయ్యాక ఆ అధ్యాయం ఒక్కటే పంపండి, చదువుతాను.